రాజులమ్మ పేరున మీటరు

రాజులమ్మ ఈ పొద్దు పెరటి వైపు రాలేదు. వీధి వైపు నుంచి వచ్చి కొట్టు మెట్ల మీద కూర్చుంది.

పెరట్లో కాగిన నీళ్లు మళ్లీ చల్లారిపోయాయి. నూనె గిన్నె, సెనగపిండి, సాంబ్రాణికి నిప్పులు అన్నీ సిద్ధం చేసుకుని, సరళ కూతుర్ని ఒళ్లో వేసుకుని అరుగు మీద ఎదురుచూస్తోంది. పుట్టింటి నుంచి పిల్లని తీసుకొచ్చిన రోజు మొదలు దానికి నీళ్లు పోసేది రాజులమ్మే. వేరే చేయి పడితే ఆ పిల్ల వీధంతా వినబడేలా ఏడుస్తుంది.

"కొట్టుకాడే కూకుంది," అంటూ అత్తగారు రమణమ్మ విసురుగా లోపలికి వచ్చింది. "రాయే నేస్తమ్మా, గుంట ఏడుత్తందంటే పలకదు. టీ ఇత్తే పక్కనెట్టేసింది. బేరాలొచ్చే ఏళ, మెట్లకడ్డంగా!"

"ఏమైందత్తయ్యా?"

"ఏటో మరి. రేషను బియ్యం బండి కాడ మిషన్లో ఆవిడ ఏలు పడనేదంట. దానికి మనమేటి సేత్తాం?"

చివరి మాట అంటున్నప్పుడు రమణమ్మ కోడలి మొహం చూడలేదు. చీపురు తీసి, పొద్దున్నే ఊడ్చిన వసారాని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

సరళ పిల్లని భుజాన వేసుకుని లోపలి నుంచి కొట్టు వైపు నడిచింది. నడిమింటి పక్క గది తలుపు కింద నుంచి చల్లగాలి ఆమె పాదాలకి తగిలింది. రాత్రి వేసిన ఏసీ ఎవరూ ఆపలేదు.

కొట్టులో మామగారు వీరభద్రరావు చింతపండు కాటా వేస్తున్నాడు. గూడెం నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు బుట్టలు దించుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకి కాటా మీద చూపు లేదు. మెట్ల మీద కూర్చున్న మనిషినే చూస్తూ నవ్వాపుకుంటున్నారు.

"నేస్తం," అంది రాజులమ్మ, వీధి వైపే చూస్తూ. "నానడిగిందానికి సెప్పు. నాకు ఏసీ ఉన్నాదా?"

వీరభద్రరావు చేతిలో తూకంరాయి అలాగే ఆగింది. "ఏటి నేస్తమ్మా, పొద్దున్నే ఎగతాళి?"

"ఎగతాళి నానాడతన్నానా? బండోడు మిషన్లో నా ఏలెట్టించినాడు. పడనేదు. మళ్లీ ఎట్టించినాడు. కార్డు తీసేసినారమ్మా అన్నాడు. ఎందుకురా నాయనా అంటే, నీ పేరున రంపచోడవరంలో డాబా ఉన్నాది, నెలకి మూడొందల యూనిట్లు దాటి కాలుత్తన్నావు, ఏసీ లేకపోతే అంత కాలదు, ఏసీలో తొంగునేదానికి గవుర్మెంటు బియ్యమేటి అన్నాడు."

బుట్టలవాళ్లలో ఒకడు ఇక ఆపుకోలేక కిసుక్కుమన్నాడు.

"నవ్వురా, నువ్వూ నవ్వు," అంది రాజులమ్మ. "నిన్న సంది గూడెం గూడెమంతా నన్ను ఏసీ రాజులమ్మ అంటన్నారు. నా కొంపలో ఉన్నది ఒక్క బలుబు. అదీ మొన్న గాలికి మాడిపోయింది."

వీరభద్రరావు తూకంరాయి కింద పెట్టాడు. బుట్టలవాళ్లని సాయంత్రం రమ్మన్నాడు. షట్టరు సగం దించాడు.

"పెరట్లోకి రా నేస్తమ్మా. అక్కడ మాటాడుకుందాం."

కొట్టులో నుంచి ఇంట్లోకి తలుపు తెరిచే ఉంది. రాజులమ్మ ఆ తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత మెట్లు దిగి, ఎప్పటిలాగే పక్క సందులో నుంచి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చింది. ఇటు నుంచి రమ్మని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇటు రావద్దని కూడా ఎవరూ చెప్పలేదు. అలా చెప్పాల్సిన అవసరమే ఎప్పుడూ రాకపోవడం సరళకి ఈ రోజే వింతగా అనిపించింది.

పెరటి గోడ అవతల నల్లరాతి కొండ. పొద్దెక్కకముందే దాని మీద నుంచి సెగ దిగుతోంది. ఆ కొండ పగలంతా తాగిన ఎండని రాత్రంతా ఈ డాబా మీద కక్కుతుంది. ఈ వేసవి మొదట్లో పిల్ల ఒళ్లంతా చెమటకాయలు లేచి చీము పడితే, దాన్ని తీసుకుని పుట్టింటికి వెళ్లి, వానలు పడేదాకా అక్కడే ఉంటానంది సరళ. ఏసీ పెట్టిస్తాను, వచ్చెయ్యి అన్నాడు భర్త శ్రీకాంత్. ఆమె వచ్చేసింది.

రాజులమ్మ అరుగు మీద కూర్చోలేదు. కుళాయి పక్కన నిలబడింది.

"మావయ్యా," అంది సరళ నెమ్మదిగా. "మన కరెంటుకీ, రాజులత్త కార్డుకీ సంబంధం ఏమిటి?"

రమణమ్మ చీపురు చప్పుడు ఆగింది.

"నువ్వు లోపలికెళ్లి పిల్లని సూసుకో," అన్నాడు వీరభద్రరావు.

"పిల్ల నా దగ్గరే ఉంది."

రాజులమ్మ ఆమె వైపు తిరిగింది. "ఈ గుంటకి సెప్పనేదా మీరు?" అని అడిగింది, నిజంగా ఆశ్చర్యపోతూ. "కొండ మీద నేల మా కొండోళ్లకే రాయాల, మీ దిగువోళ్ల పేరున ఇల్లు రాయరమ్మా. సట్టం ఒప్పుకోదు. మా ఆయన సుక్రూ, మీ మావా నేస్తం కట్టుకున్నారు. కొత్త పంచెలు మార్చుకుని, ఒక్క ఆకులో తిన్నారు. నేస్తానికి కొట్టు కావాల, ఇల్లు కావాల. మా ఆయన నన్ను కాయితం మీద ఏలెయ్యమన్నాడు, ఏసినాను. నేలా నా పేరే, ఇల్లూ నా పేరే, మీటరూ నా పేరే. పేరే గదా, అరిగిపోద్దా అనుకున్నాను."

సరళ మామగారి వైపు చూసింది. సంబంధం చూడడానికి వచ్చినప్పుడు తన నాన్న ఈ ఇంటి గోడల్ని చేత్తో తట్టి చూశాడు. సొంతమేనా అన్నాడు. మన ఇల్లే బావగారూ, మన ఇల్లే, అని ఈ మామగారే నవ్వుతూ చెప్పాడు. అప్పుడు శ్రీకాంత్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడదంతా ఎందుకు?" అంది రమణమ్మ. "కొండోళ్ల మీటరని ఇన్నాళ్లూ బిల్లు కూడా వచ్చేది కాదు. నీ కడుపు సల్లగుండ నేస్తమ్మా అని నాను రోజూ అనుకునేదాన్ని. కావాలంటే దేవుడినడుగు."

"దేవుడినెందుకు, నువ్వు సెప్తే సాలదా?" అంది రాజులమ్మ. "నాకూ బిల్లు లేదు, నీకూ బిల్లు లేదు. కాకపోతే నా బియ్యం పోయినయ్యి. పింఛనూ పోద్దంట, బండోడే అన్నాడు. ఈ మోకాళ్లతో నాను కొండెక్కి పోడు కొట్టలేను. ఏం తినాల?"

"తిండికేటి, ఈ ఇంట్లో లేదా? రోజూ వచ్చి తిను. ఎవలొద్దన్నారు?"

"నీ ఇంట్లో తినమంటన్నావు. నా కార్డు మీద నాను తినేదాన్ని."

సందులో మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది. శ్రీకాంత్ లోపలికి వచ్చాడు. సరుకు కోసం తెల్లారే గోకవరం వెళ్లినవాడు, చొక్కా అంతా తడిసిపోయి ఉంది. అరుగు మీద మనుషుల్నీ, కుళాయి దగ్గర రాజులమ్మనీ చూడగానే ఏం జరిగిందో అడగలేదు.

అడగకపోవడం సరళ గమనించింది.

"నువ్వే!" అన్నాడు వీరభద్రరావు కొడుకు మీదకి లేస్తూ. "ఏసీ ఏసీ అని పాట పెట్టావు. కూలరు సాలదన్నావు. గోడకి కన్నాలు, రాగి గొట్టాలు, కొత్త వైరు. ఏసీ ఖరీదొకటి, దాన్ని బిగించే ఖరీదొకటి! ఇప్పుడిదొకటి!"

"నా మీద పడతావేంటి నాన్నా?"

"మరెవల మీద పడాల?"

"లైన్‌మేన్ వచ్చి చూసిన రోజు ఏం చెప్పాడు? మీటరు గిరిజనుల పేరున ఉంది, ఏసీ పడితే ఆ ముసలమ్మ కార్డు ఎగిరిపోద్ది, వేరే ఏర్పాటు చూసుకోండి అన్నాడా లేదా? నేను ఆ మనిషిని తీసుకొచ్చి నీ ముందు నిలబెట్టి మళ్లీ చెప్పించాను. నువ్వేమన్నావు? ముందు బిగించెయ్, పోయినప్పుడు చూద్దాం అన్లేదూ?"

అన్నాక గాని, ఎవరి ఎదుట అన్నాడో అతనికి గుర్తు రాలేదు.

రాజులమ్మ కదలలేదు. కుళాయి నుంచి నీటి చుక్కలు రాతి మీద పడుతున్నాయి. పడిన చుక్క పడినట్టే ఆరిపోతోంది.

ఏసీ బిగించిన రోజు సరళకి కళ్ల ముందు మెదిలింది. ఎర్తు వైరు పాతడానికి పెరట్లో గుంత తవ్వారు. దానికి బొగ్గులు కావాలంటే రాజులమ్మే తన గూడెం నుంచి గోనె నిండా నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఉప్పూ బొగ్గులూ తన చేత్తోనే పోసి, మట్టి కప్పి, పిల్ల చల్లగా పడుకోవాలని మొక్కింది. మామగారు ఆ గుంత పక్కనే నిలబడి ఇంకొంచెం పొయ్యి నేస్తమ్మా అన్నాడు. అప్పటికే ఆయనకి తెలుసు. మిఠాయి పొట్లం ఆమె చేతిలో పెట్టిన శ్రీకాంత్‌కీ తెలుసు.

"మీకు తెలుసా?" అంది సరళ.

"సరళా, నీ కోసమే కదా..."

"నేను అడిగింది పిల్లకి చల్లగా ఉండే చోటు. ఇంకొకరి కంచం లాక్కురమ్మని అడిగానా?"

"గొంతు తగ్గించు. వీధిలో వింటారు."

"నేను గొంతు పెంచలేదు."

నిజంగానే పెంచలేదు. ఆ ఇంట్లో ఆమె గొంతు ఎప్పుడూ ఇంతే. కాకపోతే మిగతావాళ్లందరూ ఊరుకోవడం వల్ల అది పెద్దగా వినిపించింది.

వీరభద్రరావు గొంతు సవరించుకున్నాడు. పేచీపడ్డ బేరాన్ని దారికి తెచ్చేటప్పుడు వాడే మెత్తటి గొంతు తీశాడు.

"సూడు నేస్తమ్మా. అయిందేదో అయింది. దీనికి మార్గముంది. సోములు లేడూ, మండలాఫీసులో అటెండరు? మీ కులపోడే. ఆడికి గవుర్మెంటు జీతం వత్తాది, కార్డు ఎలాగూ లేదు, ఆడికి పోయేదేం లేదు. ఇల్లూ మీటరూ ఆడి పేరుకి మార్చేద్దాం. నువ్వొచ్చి ఒక్క ఏలేత్తే సాలు. నీ కార్డు నీకొచ్చేత్తాది. నీకు మంచిదే గదా!"

"సోములు ఒప్పుకున్నాడా?" అని అడిగింది రాజులమ్మ.

"ఆ, ఒప్పుకున్నాడు. ఎప్పుడో మాటాడేశాను."

"ఎప్పుడు?"

చెప్పింది రమణమ్మ. మొగుడిని గట్టెక్కిద్దామనే చెప్పింది పాపం. "ఏసీ ఎట్టిన వారమే మాటాడారు నేస్తమ్మా. నీకు కట్టం రాకూడదనే గదా, ముందుగానే!"

రాజులమ్మ ఏడుస్తుందనుకుంది సరళ. ఏడవలేదు. సంతలో తాను అమ్మిన కోడినే తిరిగి ఎవరో తనకి అమ్మజూపుతున్నట్టు, నుదురు ముడిచి ఆలోచించింది.

"అంటే నా కార్డు పోద్దని తెలిసే ఎట్టినారు. పోయినాక నన్ను తీసేసి సోముల్ని ఎట్టాలనీ అప్పుడే అనుకున్నారు. మధ్యలో నాను ఈ గుంటకి రోజూ వచ్చి నీళ్లు పోసినాను. ఏ రోజూ ఒక్కరూ సెప్పనేదు."

"సెప్పేవోళ్లమే..."

"ఏలెయ్యను."

"ఏటి?"

"ఏలెయ్యను నేస్తం. నాకు కార్డు తెచ్చియ్యి. ఆఫీసుకాడికెళ్లి, ఆ డాబాలో ఉండేది ఈవిడ కాదు, నానూ నా పెళ్లాం పిల్లలూ ఉంటన్నాం, కరెంటు కాల్చింది మేము అని నీ నోటితో సెప్పు. అంతే నానడిగేది."

"అలా సెప్తే ఇల్లు ఉంటాదా మాకు? తెలిసే మాటాడతన్నావా?" మెత్తటి గొంతు పోయింది. "ఇటికి ఇటికీ నా డబ్బు. నీదేటుంది ఇందులో? ఊరికే నీ పేరెట్టాం!"

"ఊరికేనా," అంది రాజులమ్మ.

ఆమె కుళాయి తిప్పి కాళ్లు కడుక్కుంది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. అరుగెక్కి, వసారా దాటి, వంటింటి గడప దాటి లోపలికి నడిచింది. ఇన్నేళ్లలో వంటింటి గడప దాటి ఆమె పాదం పడడం అదే మొదలు.

"ఎక్కడికే? ఓలమ్మా, ఎక్కడికెళ్తంది?" అంది రమణమ్మ.

"నా ఇల్లు సూసుకోనీ."

ఏ గది ఎక్కడుందో ఆమెకి తెలియదు. దేవుడి గది ముందు ఆగింది. బీరువా ముందు ఆగింది. చల్లగాలి కాళ్లకి తగిలిన చోట నిలబడి తలుపు తోసింది. వెనకాలే పిల్లనెత్తుకుని సరళ వెళ్లింది. చేతిలో నూనె గిన్నె కూడా ఉంది. అది ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలియదు.

గదిలో కిటికీలకి మందంగా పరదాలు. గోడ మీద తెల్లటి పెట్టె సన్నగా ఊదుతోంది. రాజులమ్మ మంచం మీద కూర్చోలేదు. సరిగ్గా ఆ పెట్టె కింద, నేల మీద, కాళ్లు చాపి కూర్చుని తలెత్తి చూసింది.

"ఇదేనా నా బియ్యం తిన్నాది?"

సరళ నూనె గిన్నె ఆమె పక్కన నేల మీద పెట్టింది.

"సల్లగానే ఉన్నాది," అంది రాజులమ్మ కొంగు చుట్టూ కప్పుకుంటూ. "తే, గుంటని తే. నూనె రాత్తాను. పొద్దు పోతంది."

పిల్ల ఆ ఎముకల కాళ్ల మీద బోర్లా పడుకోగానే ఏడుపు మానేసింది. వేళ్లు వెన్ను మీద పైకీ కిందకీ తిరుగుతున్నాయి. ఆ చేతుల్లో కోపం ఉందేమో అని సరళ చూసింది. రోజూ ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. అది చూశాక సరళకి ఏడుపు ఆగలేదు.

వీరభద్రరావు గుమ్మంలోకి వచ్చాడు. వెనక శ్రీకాంత్.

"బయటికి రా రాజులమ్మా."

గదిలో ఇద్దరూ ఆ మాట విన్నారు. నేస్తం కట్టుకున్నవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. సుక్రు చచ్చిపోయినప్పుడు, పాడె పట్టుకుని కూడా ఈ మనిషి అతన్ని నేస్తం అనే ఏడ్చాడు. వెనక వసారాలో రమణమ్మ అబ్బా అంది, చెయ్యి కాలినట్టు.

రాజులమ్మ చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

"తలుపెయ్యి గుంటా," అంది. "సల్లగాలి పోతంది."

"సరళా," అన్నాడు శ్రీకాంత్. "పిల్లని తీసుకుని ఇవతలికి రా. ఆవిడ సంగతి మేం చూసుకుంటాం."

"ఎలా చూసుకుంటారు?"

సరళ అతని మొహం చూస్తూనే తలుపు మూసింది. గడియ పెట్టింది. తాను లోపలి వైపే ఉన్నానని గడియ పడ్డాక గాని ఆమెకి తెలియలేదు.

బయట గుసగుసలు. అడుగులు వీధి గుమ్మం వైపు వెళ్లాయి. కొంతసేపటికి టక్కుమని చప్పుడైంది. గోడ మీద పెట్టె ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ తిరుగుతూ నిలిచింది.

"పీజు పీకినాడు," అంది రాజులమ్మ.

ఏసీ చప్పుడు పోయాక బయటి చప్పుళ్లన్నీ గదిలోకి వచ్చాయి. అత్తగారి గాజులు. కొట్టు షట్టరు. కొండ మీద ఎక్కడో గొడ్డలి. తలుపు అవతల మామగారి ఊపిరి.

"సరళమ్మా, గడియ తియ్యి. గుంట ఉడికిపోద్ది."

"ఆఫీసుకి వెళ్లి రండి మావయ్యా," అంది సరళ తలుపుకి దగ్గరగా నిలబడి. "ఇక్కడ ఉండేది మనమే అని చెప్పి రండి. రాజులత్త కార్డు రాసి ఇచ్చాక తీస్తాను."

"ఇల్లు పోతే ఎక్కడుంటావే?"

సరళ శ్రీకాంత్‌ని పిలిచింది. "మీరైనా వెళ్లండి," అంది. "ఏమండీ, వింటున్నారా? మీరు వెళ్లండి. ఆ మాట మీరు చెప్పినా చాలు."

శ్రీకాంత్ గొంతు తలుపుకి ఆనుకున్నంత దగ్గరగా వినిపించింది. "సరే. వెళ్తున్నాను."

సరళ కళ్లు మూసుకుంది. మోటారు సైకిల్ స్టార్టయింది. సందు దాటి వీధిలోకి వెళ్లింది. వీధి చివర ఎడమకి తిరిగితే ఆఫీసు. కుడికి తిరిగితే, ఈ పెరటి గోడ వెనక మట్టిదారిన, సోములు ఉండే క్వార్టర్లు.

పిల్ల మెడ మడతల్లో అప్పుడే చెమట పట్టింది. రాజులమ్మ కొంగుతో విసురుతోంది.

బండి చప్పుడు దూరమై, సన్నబడి, ఒకచోట ఆగినట్టయింది. మళ్లీ పెరిగింది. దగ్గరవుతూ, దగ్గరవుతూ, కిటికీ పరదా అవతల, పెరటి గోడ వెనక నుంచే దడదడమంటూ వెళ్లిపోయింది.

"ఎటెళ్లినాడు గుంటా, నీ మొగుడు?" అని అడిగింది రాజులమ్మ.